పేరు పిలవని గడి

మా బడి పిల్లలు గుంపులుగా గుట్ట మీదికి వెళ్ళి గీసుకొచ్చిన పటాలన్నిటిలోనూ ఒకే గడి ఖాళీగా ఉండేసరికి నాకు ఒళ్ళు మండింది. "ఏం, ఆ గడిలో ఒక్క చీమైనా లేదా? గాలికి తిరిగొచ్చి నా చెవిలో పూలు పెడుతున్నారా?" అని కేకలేశాను. నాకు నోరెక్కువని పిల్లలకు తెలుసు. మామూలుగా అయితే మొహాలు చాటుచేసుకుని నవ్వుకుంటారు. ఆ రోజు ఒక్కరూ నవ్వలేదు, తలలు వంచుకుని నిలబడ్డారు.

నేను పట్నంలో, కౌల్ బజార్‌లో పుట్టి పెరిగినదాన్ని. కప్పగల్లు దాటాక వచ్చే ఈ ఊరి బడిలో సైన్సు చెప్తాను. ఇనుపరాయి లారీలు నడిపే కంపెనీ ఒకటి, ఊరి గుట్ట మీదున్న చెట్టూచేమా, పిట్టా పురుగూ అన్నీ పిల్లల చేత గుర్తింపజేసి పటం గీయించమని మా బడికి డబ్బిచ్చింది. ఆ డబ్బుతో బైనాక్యులర్లు కొన్నాం. గుట్టను గళ్ళుగా విడదీసుకున్నాం. గడువు ముంచుకొచ్చిందని ఆ ఖాళీ గడితోనే పటం పంపేశాను.

పటం చూసి కంపెనీ మనిషి సంబరంగా బడికే వచ్చాడు. వంటగది పక్కన వరండాలో కూర్చుని టీ తాగుతూ, "భలే పని చేసినారు మేడమ్. లారీలకు దారి యాడ తీయాలా అని తల బద్దలు కొట్టుకుంటాంటిమి. ఈ గడిలో ఏ ప్రాణీ లేదు కదా, ఈడ్నుంచే తీస్తాం. వచ్చే నెల జేసీబీలు వస్తాయి" అన్నాడు. వంటగదిలో గిన్నె ఏదో కింద పడి దొర్లింది.

అతను వెళ్ళిపోయాక, పిల్లలకు బిసియూట, అదే మధ్యాహ్న భోజనం, వండే అక్క బయటికొచ్చింది. చేతుల నుంచి బియ్యం కడిగిన నీళ్ళు కారుతున్నాయి. "ఆడ ఏమీ లేదని ఎట్ల రాసిస్తివమ్మా? నా బిడ్డ ఉండాది ఆడ" అంది.

పేరు పెట్టకముందే పోయిన పసిబిడ్డలను ఈ ఊళ్ళో ఆ చోటే పూడుస్తారట. నక్కలు తవ్వకుండా పైన రాళ్ళు పేర్చి, తుమ్మకంప వేస్తారు. కట్టెలకు గానీ మేకలు మేపడానికి గానీ ఎవరూ అటు పోరు. పిల్లలు భయభక్తులతో వదిలేసిన చోటు కంపెనీ కంటికి ఖాళీ జాగా అయి కూర్చుంది.

"మళ్ళీ పోదాం అక్కా. ఉన్నవన్నీ రాసి పంపిద్దాం. దారి ఎలా తీస్తారో నేనూ చూస్తాను" అన్నాను. పిల్లలను ఒప్పించింది అక్కే. తను మాత్రం రానంది. "నేను పోతే మల్లా తిరిగి రాలేనమ్మా" అంది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. గుట్ట సగం ఎక్కాక పిల్లలు చెప్పులు విడిచారు. అక్కడితో మాటలు కూడా ఆగిపోయాయి. అంతవరకూ రోడ్డు మీది లారీల మోత వినపడుతూనే ఉంది. తంగేడు పొదల మధ్యకు రాగానే అదీ లేదు. ఎండ బాగానే కాస్తున్నా నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఎటు చూసినా చిన్న చిన్న రాళ్ళ కుప్పలు, ఒక్కోదాని మీద ఎండిన కంప. కొన్ని మరీ చేటంతే ఉన్నాయి. కాలు ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు.

మా పిల్లల్లో ఒకతె కాస్త దూరంలో ఒక పొద అంచున వంగింది. పాముంటుందేమోనని పేరు పెట్టి గట్టిగా కేకేశాను. ఆ పిల్ల పలకలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది. మిగతావాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ కొయ్యబారిపోయారు. అప్పుడు ఆ పిల్లకు అవతల, పొదల్లోంచి, "ఊ" అని వినపడింది.

పసిగొంతు.

పక్కనున్న పిల్ల నా కొంగు పట్టుకుని గుసగుసగా, "బ్యాడ మిస్, వద్దు, ఈడ పేర్లు పిలవకూడదు. వాళ్ళకు పేర్లు లేవు కదా. ఎవర్ని పిలిచినా మమ్మల్నేమో అని వస్తారు" అంది.

గువ్వ అయ్యుంటుంది. గువ్వలు అలాగే కూస్తాయి, సైన్సు టీచరును, నాకు తెలియదా? కానీ ఎంత వెతికినా గువ్వ కనపడలేదు. గాలి లేదు. అయినా పొద ముందరి గడ్డి మావైపు కొద్దిగా వంగి, మళ్ళీ లేచింది.

పిల్లలు సైగలతోనే పని కానిచ్చారు. గుట్ట మొత్తం మీద ఎక్కడా కనపడనివన్నీ అక్కడే ఉన్నాయి. కౌజు పిట్టలు, ఉడుము, రాలిపడిన ముళ్ళపంది ముళ్ళు, నాకే తెలియని రకం సీతాకోకచిలుకలు. గొడ్డలీ మేకా తగలని నేల కదా! దిగేటప్పుడు ఎవరూ వెనక్కి చూడలేదు. నేను చూడబోతే పక్కనున్న పిల్ల మళ్ళీ కొంగు లాగింది.

కొత్త పటం పంపాను. కొన్నాళ్ళకు కంపెనీ మనిషి ఫోన్ చేసి, దారిని గుట్ట అవతలికి మార్చుకున్నామని కాస్త నొచ్చుకుంటూనే చెప్పాడు. వచ్చే ఏడు డబ్బు సంగతి తర్వాత చూద్దామన్నాడు. చూడకపోతే పీడాపోయిందనుకున్నాను.

పరుగున వంటగదిలోకి వెళ్ళి అక్కకు చెప్పాను. ఆమె పొయ్యి మంట తగ్గించింది. తర్వాత, "ఆ దినం ఏం పేరు పిలిస్తివమ్మా?" అని అడిగింది. పిల్లలు చెప్పేసినట్టున్నారు. నేను పేరు చెప్పాను. ఆ పేరును ఒకసారి పెదాలతో మెల్లగా అనుకుంది.

"నాదీ ఆడబిడ్డే. పలికిందంట, నిజమా?"

గువ్వ అనే మాట నోటిదాకా వచ్చింది. ఆమె ముఖం చూసి మింగేశాను. "పలికింది అక్కా" అన్నాను.

"అయితే దానికి అదే పేరు ఉండనీలే" అంది.

ఇప్పుడు రోజూ పొద్దున హాజరు పిలుస్తూ ఆ పేరు దగ్గరికి రాగానే వంటగదిలో గరిటె చప్పుడు ఆగుతుంది. ఆ పేరు గల పిల్ల కూడా వెంటనే పలకదు. ముందు ఇంకెవరో పలకాల్సి ఉన్నట్టు కొంచెంసేపు ఆగుతుంది. ఆ తర్వాతే "ప్రెజెంట్ మిస్" అంటుంది. నేనూ తొందరపెట్టను.