వెనకనుంచి పడిన వెలుగు

మూడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఆడటానికి క్షణం పట్టలేదు. దించుకోవడం మాత్రం ఇప్పటికీ చేతకాలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ ముందు నోరు విప్పే ధైర్యమే ఉంటే సంగతి ఇంత దూరం వచ్చేది కాదు.

నేను కెనడాలోని బర్నబీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. సెలవు రోజుల్లో పిస్తోలు పోటీలకి వెళుతుంటాను. మనవాళ్ళలో ఈ సరదా ఉన్నవాళ్ళు తక్కువ, చెబితే అదేం పిచ్చి అంటారు. ఆ పిచ్చి నాకు అంటించింది సుధాకర్ అన్నయ్య. సొంత అన్న కాదు. ఆఫీసులో నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, తెనాలి మనిషి. లైసెన్సు కోర్సుకి ఆయన కార్లోనే వెళ్ళాను. క్లబ్బులో నా పేరు నమోదు చేయించి, నాకోసం హామీ ఉన్నది ఆయనే. పోటీ అయ్యాక ఇద్దరం వాళ్ళింటికి వెళితే వసుంధర వదిన వేడివేడిగా వడ్డించేది. అలా ఎన్ని శనివారాలు తిన్నానో. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, అది నేను నిజంగానే చేశాను.

ఆయనకి అన్నిటికంటే ఇష్టం చీకటి పోటీ. పట్టపగలే, కిటికీలు లేని షెడ్డులో దీపాలన్నీ ఆర్పేస్తారు. కుడిచేతిలో పిస్తోలు, ఎడమచేతిలో టార్చి. అక్కడక్కడా అట్టబొమ్మలు నిలబెట్టి ఉంటాయి. కొన్నిటిని కాల్చాలి. చేతుల బొమ్మ వేసినవాటిని కాల్చకూడదు, అవి అమాయకుల కింద లెక్క. టార్చి వేసి, బొమ్మని చూసి, తేల్చుకుని, కాల్చి, ఆర్పి ముందుకు కదలాలి. ఎడమ బొటనవేలు టార్చి మీట నొక్కితే కుడి చూపుడువేలు కూడా మనకి తెలియకుండానే బిగుసుకుంటుంది. "వేలు ఆఖర్న తమ్ముడూ, ముందు చూపు" అని ఆయన చెప్పగా చెప్పగా ఆ అలవాటు మానుకున్నాను. షెడ్డులో అడ్డుగోడలా నిలబెట్టే తెల్ల బోర్డుకి దగ్గరగా నిలబడి టార్చి వేస్తే ఆ వెలుగు తిరిగి మన కళ్ళలోనే కొడుతుందని నేర్పిందీ ఆయనే. నాకు తెలిసినదంతా ఆయన పెట్టిన భిక్ష.

కొన్నాళ్ళకి నేను ఆయనకంటే వేగంగా కాల్చసాగాను. అయినా క్లబ్బులో అందరికీ నేను సుధాకర్ గారి కుర్రాణ్ణే. నలభై దాటిన కుర్రాణ్ణి. వాళ్ళు సరదాకే అనేవారు, నేనూ నవ్వేవాణ్ణి. లోపల మండేది. ఆ మంటకి అప్పట్లో పేరు పెట్టుకోలేదు. ఇప్పుడు పెడుతున్నాను. అది అసూయ.

మూడేళ్ళ కిందట ఒక శనివారం చీకటి పోటీలో సేఫ్టీ ఆఫీసర్ పని నాకు అప్పగించారు. కాల్చే మనిషి వెనకే చెయ్యి అందేంత దూరంలో నిలబడి, పిస్తోలు ఎటు తిరుగుతోందో కనిపెట్టి ఉండటం ఆ పని. సేఫ్టీ ఆఫీసర్ దగ్గరా టార్చి ఉంటుంది, కానీ కాల్పులు ముగిసి పిస్తోలు ఖాళీ చేసేదాకా దాన్ని వెలిగించకూడదు. మిగతా సభ్యులంతా వెలుగు లోపలికి రాకుండా కట్టిన దళసరి పరదా అవతల ఉన్నారు. నా వంతు అప్పటికే అయిపోయింది. స్కోరు బోర్డు మీద నా పేరే పైన ఉంది. ఆఖరి వంతు అన్నయ్యది.

ఎంత బాగా కాల్చారో చెప్పలేను. తొందర లేదు, తడబాటు లేదు. టార్చి వెలగడం, రెండు దెబ్బలు, మళ్ళీ చీకటి. నా చేతిలో టైమరుంది. ఇంకొక్క మూల మిగిలింది. ఆయన నన్ను దాటేస్తున్నారని నాకు అర్థమైంది. తెల్ల బోర్డు పక్కన, టార్చి ఆర్పి, ఆయన ఆ మూల వైపు అడుగు వేశారు.

నా టార్చి మీట నొక్కాను.

ఎందుకు నొక్కాను? పిస్తోలు ఎటు ఉందో సరిగ్గా కనపడలేదు, అందుకని. చాలా నెలలు నాకు నేను చెప్పుకున్న జవాబు ఇది. కనపడలేదా? కనపడింది. చెయ్యి జారిందా? జారలేదు. ఆయన్ని ప్రమాదంలోకి నెట్టాలనుకున్నానా? అదీ లేదు, కాస్త తడబడితే చాలనుకున్నాను, ఒక్క క్షణం ఆలస్యమైతే చాలనుకున్నాను, అంత చిన్న కోరిక అంత పెద్ద మనిషిని ఏం చేస్తుందో ఆలోచించే తీరిక ఆ బొటనవేలికి లేకపోయింది. వెలిగించి వెంటనే ఆర్పేశాను. కానీ ఆయన ఉలిక్కిపడి వెలుగు వచ్చినవైపు తిరిగారు. మనిషితోపాటు పిస్తోలూ తిరిగింది. నా వైపు.

"స్టాప్!" అని అరిచాను. ఆ అరుపు సేఫ్టీ ఆఫీసర్‌ది కాదు, ప్రాణభయంతో అరిచినది. ఆయన అప్పటికే వేలు తీసి పిస్తోలు దించేశారు. ఖాళీ చేసి చూపించారు. దీపాలు వేశారు. పిస్తోలు వెనక్కి తిరిగితే ఆ రోజుకి పోటీ నుంచి తొలగించడం నియమం. ఎవరికీ పట్టింపు ఉండదు, మరుసటి నెల మళ్ళీ రావచ్చు. ఆయనకీ తొలగించినందుకు బాధ లేదు. పరదా తీసేలోపల నన్ను ఒక్క మాట అడిగారు.

"వెనకనుంచి లైటు పడింది. నువ్వేసావా తమ్ముడూ?"

"లేదన్నయ్యా. నేనెందుకేస్తాను?"

"నా నీడ ఎదర గోడమీద కనపడిందే. నిలువెత్తున."

"మీ టార్చే తెల్లబోర్డు మీద పడి కళ్ళల్లో కొట్టుంటుంది."

"నా టార్చి ఆర్పే ఉందయ్యా అప్పటికి."

"ఆర్పాననుకుని ఉంటారు."

ఆయన నా మొహంలోకి చూశారు. అనుమానంగా కాదు. తప్పు చేసిన పిల్లవాడు పెద్దవాళ్ళ వైపు చూసినట్టు. "అంతేనేమో" అన్నారు.

అక్కడితో పోయిందనుకున్నాను. పోలేదు. ఆయన వరుసగా రెండు నెలలు రాకపోతే ఇంటికి వెళ్ళాను. కళ్ళు పరీక్ష చేయించుకున్నారట, బాగానే ఉన్నాయన్నారట. "అదే భయంగా ఉంది. కళ్ళు బాగుంటే మరి తప్పు బుర్రదే కదా. మా నాన్నకీ ఇట్లాగే మొదలయింది. లేని మనుషులు కనపడుతున్నారనేవాడు" అన్నారు. వదిన వంటింట్లోంచి వింటోంది. చెప్పడానికి అంతకంటే మంచి అదను ఉంటుందా? దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను. కాఫీ కూడా తాగాను.

అనుమానం పెనుభూతం. కారు తాళాలు వదినకి ఇచ్చేశారు. వానలో, మసక వెలుతురులో డ్రైవ్ చెయ్యడానికి నమ్మకం లేదన్నారు. పిస్తోలు పోలీసులకి అప్పగించేశారు. ఈ దేశంలో ఇప్పుడు మనబోటివాళ్ళు కొత్తగా పిస్తోలు కొనడానికి లేదు, వదులుకుంటే వదులుకున్నట్టే. జ్ఞాపకశక్తి పరీక్షలు చేసి డాక్టరు ఏమీ లేదన్నా ఆయన నమ్మలేదు. స్టవ్ ఆర్పానా అని లేచి చూస్తారు. ఆర్పే ఉంటుంది. కూర్చుని మళ్ళీ లేస్తారు. వదిన నవ్వుతూ విసుక్కుంటుంది, తర్వాత పక్కకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంటుంది.

పోయిన వారం ఆఫీసు కాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని, ఉద్యోగం మానేస్తున్నానన్నారు. ఏదైనా పెద్ద తప్పు చేసి టీమంతా ఇబ్బంది పడకముందే గౌరవంగా తప్పుకుంటారట. "నాలో ఏదన్నా తేడా కనిపిస్తే మొహమాటపడకుండా చెప్పు. నీ మాటయితే నమ్ముతాను" అన్నారు. నేను సరేనన్నాను. సరేనన్న నా గొంతు విని నాకే అసహ్యం వేసింది.

ఇంతకాలం నన్ను నేను ఏమని సముదాయించుకున్నానో తెలుసా? చెబితే ఆయన మనసు విరిగిపోతుందని. ఎంత దయ నాది! విరిగేది ఆయన మనసు కాదు, ఆయన దగ్గర నాకున్న స్థానం. క్లబ్బులో నా పేరు. వదిన వడ్డించే అన్నం. వాటికోసం ఒక మనిషి తన బుర్రని తనే నమ్మలేని స్థితికి వస్తే చూస్తూ ఊరుకున్నాను.

కాబట్టి రాస్తున్నాను. ఆ వెలుగు వెనకనుంచే వచ్చింది. ఆయన చూసిన నీడ నిజం. ఆయన టార్చి ఆర్పే ఉంది. మీట నొక్కింది నేను, కావాలనే నొక్కాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమించేది కాదిది. ఆయన కూడా క్షమించకపోవచ్చు, క్షమించకూడదనే నాకు అనిపిస్తోంది. ఆయనకి ఇంకా చెప్పలేదు. ఎల్లుండి ఆయన రాజీనామా ఇస్తారు, ఆలోపల చెప్పాలి. చెబుతానా? ఇదివరకు చాలాసార్లు చెప్పబోయి ఆగినవాణ్ణి, నా మాట మీద నాకే నమ్మకం లేదు. కానీ ఇది రాసేసరికి గుండె మీది బరువు కాస్త దిగింది, చాలా కాలానికి ఊపిరి నిండా ఆడుతోంది. ఆ హాయి కలిగినందుకే సిగ్గుగా ఉంది. ముందు అది ఆయనకి కలగాలి.