సరదా బస్తాలు

ఈ నెల మొదట్లో ఒక ఆదివారం మా ఆయన ఏదో దరఖాస్తు తెచ్చి, నేను పాపకు అన్నం కలుపుతున్న బల్ల మీదే పెట్టి, సంతకం చేయమన్నారు. మంగళగిరిలో ఆఫీసు ఉద్యోగం, నెల తిరిగేసరికి జీతం, అన్నీ ఉన్న మనిషి. రెండేళ్ళుగా ఫోనులో షేర్లు కొంటూ అమ్ముతూ ఉన్నారు. ఈమధ్య పొద్దున కొన్నది మధ్యాహ్నానికే అమ్మేదాకా వచ్చింది వ్యవహారం. ఇప్పుడు నా పేరున కూడా ఒక ఖాతా తెరిచి, పెళ్ళికి ముందు మూడేళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పి నేను దాచుకున్న డబ్బు అందులో వేద్దామంటారు. ఆ డబ్బు పాప చదువుకని నేను ఎప్పుడో అనుకున్నాను. "ఇది జూదం కాదటండీ?" అని నోరు జారాను. ఆయనకు కోపం రాలేదు, నవ్వారు.

"మీ నాన్నగారు మిరపకాయలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి రేటు కోసం కాచుక్కూర్చునేవారుగా, దాన్నేమంటారు మరి?"

ఆ మాటతో నాకు మిరపకాయలు ఎండబోసే మా కల్లం గుర్తొచ్చింది.

మాది పర్చూరు దగ్గర పల్లె. ఆ వైపు పెరిగిన నా ఈడు వాళ్ళకు చెప్పక్కర్లేదు, ఎండలు ముదిరేసరికి కల్లాలన్నీ ఎర్రగా పరుచుకుని, బడి నుంచి వచ్చే దారిలోనే మాకు తుమ్ములు మొదలయ్యేవి. నాన్న గుప్పెడు కాయలు చెవి దగ్గర ఊపి, గింజ గలగలలాడితేనే ఎండినట్టు ఒప్పుకునేవాడు. అమ్మ నలుగురు ఆడవాళ్ళతో పట్టా నీడన కూర్చుని రంగు పోయిన తాలు కాయలు ఏరేది. సాయంత్రానికి చేతులు మండిపోయి మజ్జిగలో ముంచుకునేవాళ్ళు గానీ, కబుర్లు మాత్రం ఆగేవి కావు.

బస్తాలు కుట్టే రోజున అమ్మ పంటను మూడు భాగాలు చేసేది. మొదటిది ఎరువుల కొట్టు బాకీకీ కూలీలకూ, ఆ రోజు రేటు ఎంతయినా సరే కల్లం నుంచే గుంటూరు మిర్చి యార్డుకు పోవాల్సిందే. రెండోది ఇంటిది, పక్క గదిలో ఉండేది, ఇంట్లో అవసరం పడ్డ రోజున అమ్మేది. మిగిలిన బస్తాలు నాన్నవి. వాటిని ఆయన కోల్డ్ స్టోరేజీలో ఎన్నాళ్ళు దాచుకున్నా, చివరికి నష్టానికి వదిలించుకున్నా అమ్మ ఒక్క మాట అడిగేది కాదు. ఆవిడ వాటికి పెట్టిన పేరు సరదా బస్తాలు. నాన్నలో ఆ దురద ఉందని ఆవిడకు తెలుసు, దానికి ఇంతని కొలత పెట్టిందంతే. ఇంటి బస్తాల మూతి పాత చీర అంచుతోనూ, సరదావి పురికొసతోనూ కుట్టేది. ఆ పేరు ఊరంతా పాకింది. పక్క పొలం బాబాయి, నాన్నకు చిన్ననాటి స్నేహితుడు, ఏటా మా వాకిట్లోకి వచ్చి మరీ అరిచేవాడు. "ఏరా, ఈ ఏడు వదిన నీకెన్ని శాంక్షన్ చేసింది?"

నాకు గుంటూరులో డిగ్రీ సీటు వచ్చిన ఏడు సరదా బస్తాలు పన్నెండు, ఇంటివి పద్దెనిమిది. హాస్టలు ఫీజుకని ఇంటి బస్తాలు అమ్మి రమ్మంది అమ్మ. నాన్న లారీకి వేసుకెళ్ళి, అమ్మేశానని, కమీషన్ కొట్టాయన డబ్బు వారంలో ఇస్తానన్నాడని చెప్పాడు. వారం దాటింది, పది రోజులైంది. ఫీజు గడువు ఇంకో మూడు రోజులుందనగా అమ్మ నాన్న చొక్కా జేబులో దొరికిన కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. ఆవిడకు చదువు రాదు. ఇందులో ఏముందే అని అడిగింది. నాన్న గడపలో నిలబడి నన్నే చూస్తున్నాడు. అది కోల్డ్ స్టోరేజీ రసీదు. పద్దెనిమిది బస్తాలు, అమ్మానని చెప్పిన రోజు తేదీ. ఒక్క క్షణం అబద్ధం చెబుదామా అనిపించింది. కానీ చదివేశాను.

"ఏందయ్యా, పిల్ల ఫీజు కూడా సరదాయేనా?"

"రేటు రోజూ ఎట్టా పెరుగుతుందో చూశావా! ఇంకో పది రోజులాగు. దాని కోసమే గదా నేను ఆగింది!"

"పది రోజులు హాస్టలు ఆగుద్దా?"

మర్నాడు, అంతవరకు యార్డు ముఖమే చూడని అమ్మ నాన్ననూ నన్నూ వెంటబెట్టుకుని మొదటి బస్సెక్కింది. కోల్డ్ స్టోరేజీలో చీర అంచు కుట్టు చూసి పద్దెనిమిదీ వేరు చేయించి, యార్డుకు వేయించింది. కొనేవాళ్ళు మూతి విప్పి, కాయ విరిచి, రంగు చూసి బేరమాడుతుంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అన్ని బస్తాల దగ్గరా తానే నిలబడింది. ఆ రోజు రేటుకే ఇచ్చేసింది. సాయంత్రానికి నా ఫీజు కట్టాం.

వారం తిరక్కుండా రేటు ఎగిరింది. బాబాయి ఊరుకుంటాడా!

"తొందరపడ్డావు వదినా, ఎంత పోయిందో తెలుసా?"

"పోనీలే అయ్యా. కొన్నాయనకు మాత్రం పిల్లల్లేరా?"

నాన్న పురికొస బస్తాలు మంచి ధరకు అమ్ముకుని అమ్మకు మిక్సీ తెచ్చాడు. ఆ నెలలోనే హాస్టలుకొచ్చి, గేటు దగ్గరే నిలబడి, తన లెక్కే నిజమైంది గానీ హాస్టలు సీటు మాత్రం ఆగేది కాదమ్మా అన్నాడు. లెక్క నెగ్గిన మనిషి తలవంచుకోవడం నేను చూసింది అప్పుడే. లాభమొస్తే తెలివి, నష్టమొస్తే జూదం అనుకునేదాన్ని అంతవరకూ. మా ఇంట్లో ఆ ఏడు రెండూ తారుమారయ్యాయి, అమ్మ నష్టం తెలివైంది, నాన్న లాభపు లెక్క జూదమైంది.

ఆ రాత్రి పాప నిద్రపోయాక ఇదంతా మా ఆయనకు చెప్పాను. సంతకం చేయలేదు. ఆయన దరఖాస్తు మడిచి లోపల పెట్టేసి, జీతంలో తన ఇష్టానికి ఎంత వాడుకోవచ్చో ఇద్దరం కూర్చుని అనుకుందామన్నారు. నేను అనుకున్న దాని కన్నా ఆయనే తక్కువ చెప్పారు.

అయినా ఆ రోజులకూ ఈ రోజులకూ పోలికెక్కడ? అప్పుడు నష్టమైనా లారీ ఎక్కి, దిగి, పదిమందినీ తుమ్మించి గానీ ఇంటికొచ్చేది కాదు. రేటు పడినా బస్తా మిగిలేది, పచ్చడికైనా పనికొచ్చేది. ఇప్పుడు ఫోను మీద బొటనవేలు కదిలినంతలో డబ్బు వచ్చి పోతోంది, పక్కనే కూర్చుని అన్నం తినే నాకు కూడా తెలియకుండా. అందుకని వచ్చినా పోయినా ఆ రోజే నాతో చెప్పమని ఒక్కటే అడిగాను. మొన్న సాయంత్రం చెప్పులు విప్పుతూనే, "ఇవాళ పోయిందోయ్" అన్నారు. ఎంతో కూడా చెప్పారు. ఈ రెండేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. పాపను ఆయన చేతికిచ్చి టీ పెట్టడానికి లేచాను.