ఆల్వీనా చెప్పిన వాన

మార్చి నెల మూడో గురువారం రాబోయే మూడు నెలల వాన అంచనా కాగితం వాతావరణ కార్యాలయం నుంచి వెలువడుతుంది. మర్నాడు శుక్రవారం మా బ్రాడ్‌వెల్ చర్చి హాల్లో చేపల విందు. ఈస్టరు ముందు ఉపవాసాల రోజులు కాబట్టి మాంసం ముట్టరు. మగవాళ్ళం నలుగురం వంటింట్లో చేపలు వేయిస్తాం. అందరూ తిని చేతులు తుడుచుకున్నాక ఆల్వీనా ష్లోటర్ లేచి, కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం చదువుతుంది.

ఆమె బడి బస్సు నడిపేది. దానికి ముందు, పొద్దున్న ఏడింటికి, పెరట్లోని రేకు డబ్బాలో పడ్డ వాన కొలిచి వాతావరణ కార్యాలయానికి చెప్పేది. అత్తగారు మంచాన పడితే ఆ పని ఈమెకొచ్చింది. జీతం లేదు, సెలవు లేదు. భర్త ఎమెరిక్‌ను పూడ్చిన రోజు కూడా నల్లగౌను వేసుకుని డబ్బా దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు అంగుళంలో నూటికి పదకొండు వంతుల వాన. నోటుబుక్కులో అంతే రాసింది, ఇంకేమీ రాయలేదు.

కాగితంతో పాటు ఒక పటం ఉండేది. వాన ఎక్కువ పడేలా ఉంటే ఆకుపచ్చ, తక్కువైతే గోధుమరంగు, ఎటూ చెప్పలేకపోతే తెలుపు. మా పడమటి కాన్సస్‌కు తెలుపే ఎక్కువ. నేను చెబుతున్న ఏడూ తెలుపే వచ్చింది.

"మళ్ళీ తెల్లకాగితమేనా ఆల్వీనా?" అని ముందు బల్ల నుంచి ఎవరో అన్నారు. "దీనికి అంత పెద్ద ఆఫీసెందుకు? ఆ మాత్రం మా ఎర్రావు తోక ఊపి చెప్తుంది."

"అయితే రేపట్నుంచి దాన్ని మా పెరట్లోకి తోలు. ఏడింటికి లేస్తుందో లేదో చూద్దాం."

హాలంతా నవ్వారు. ఆల్వీనా కూడా నవ్వింది కానీ, కాగితం మడిచేటప్పుడు ఆమె మొహం ముడుచుకోవడం నేను వంటింటి కిటికీలోంచి చూశాను.

బయట బండ్ల దగ్గర లియాండర్ వైగెల్ ఆమెను ఆపాడు. ఇద్దరూ ఒకే తరగతిలో చదువుకున్నవాళ్ళు. అప్పటికి రెండేళ్ళుగా వానల్లేవు. లియాండర్‌కు నూట నలభై ఆవులు, సగం ఈనాయి, సగం ఈనబోతున్నాయి. బీళ్ళలో గడ్డి బూటు మడమ కూడా దాటలేదు.

"తూర్పున కొండల్లో ఒకాయన తన గడ్డిలో మేపుకోమంటున్నాడు. సోమవారంలోగా చెప్పాలి," అన్నాడు. "తోలమంటావా, ఉంచమంటావా?"

"కాగితంలో తెలుపు పడింది లియాండర్."

"కాగితం సంగతి నాకెందుకు? ముప్పై ఏళ్ళుగా ఆకాశం చూస్తున్నావు. నువ్వు చెప్పు."

అంతకుముందు వారమే ఏడంగుళాల తడిమంచు పడి నేల పదునెక్కింది. గాలి ఆగ్నేయం నుంచి మెత్తగా వీస్తోంది. హాల్లో పడ్డ ఎగతాళి ఇంకా మండుతోంది. అన్నిటికంటే, ఒక మనిషి ఆమె మాట కోసం టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "వస్తుంది," అంది ఆల్వీనా. "ఏప్రిల్లో వాన పడుతుంది. నేనైతే ఉంచుకుంటాను."

లియాండర్ ఉంచుకున్నాడు.

ఏప్రిల్ మొత్తానికి పడింది పావు అంగుళం. మే నెలలో గాలి లేచింది. దుమ్ముకు మధ్యాహ్నం పూటే బస్సు దీపాలు వేయాల్సి వచ్చేది. ఎండి వేరు తెగిన ముళ్ళపొదలు దొర్లుకుంటూ వచ్చి కంచెలకు పేరుకున్నాయి. లియాండర్ తూర్పాయనకు ఫోన్ చేస్తే, ఆ గడ్డి ఎప్పుడో వేరేవాళ్ళకు ఇచ్చేశానన్నాడు. జూన్ మొదటివారంలో తొంభై ఆవులు అమ్మేశాడు. వాళ్ళ నాన్న కాలం నుంచి తల్లీ పిల్లా వరసగా వస్తున్న మంద అది. లారీలు ఆల్వీనా ఇంటి ముందు నుంచే వెళ్ళాయి. ఆమె బట్టలు ఆరేస్తూ ఆగిపోయి, చివరి లారీ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.

రెండు ఆదివారాలు చర్చిలో వెనక బెంచీలో కూర్చుని, ప్రార్థన పూర్తికాకుండానే లేచి వెళ్ళిపోయింది. మూడో వారం క్యాబేజీ, మాంసం కూరిన రొట్టెలు కాల్చి, గుడ్డలో చుట్టుకుని వైగెల్ వాళ్ళింటికి వెళ్ళింది. లియాండర్ భార్య ఒడీలియా తలుపు తీసింది.

"ఏమ్మా, వాన మోసుకొచ్చావా?"

"లేదు ఒడీలియా. తప్పు చెప్పానని చెప్పడానికి వచ్చాను."

"అది ఆయనకే చెప్పుకో. దొడ్లో ఉన్నాడు." రొట్టెలు మాత్రం అందుకుంది.

లియాండర్ మిగిలిన ఆవుల్ని రెండు గుంపులుగా విడదీస్తున్నాడు. ఆల్వీనా కంచె దగ్గరే నిలబడి అంది: "నాకు తెలియదు లియాండర్. తెలిసినట్టు చెప్పాను. అడిగావని పొంగిపోయాను."

అతను ఇంకో ఆవును పక్కకు తోలాడు. "తెలియదని గట్టిగా అనుంటే ఆ రోజే తూర్పాయనకు ఫోన్ చేసేవాణ్ణి," అన్నాడు.

"అవును."

"ఆ గేటు పట్టుకో."

పట్టుకుంది. అతను ఒక్కో ఆవునూ తోలుతుంటే, అతను చెయ్యి ఎత్తినప్పుడు తెరిచి, దించినప్పుడు మూసింది. పని అయ్యేసరికి ఇద్దరి మొహాలూ దుమ్ము కొట్టుకుపోయాయి.

"వచ్చే మార్చిలో ఏం చెప్తావు?" అన్నాడతను.

"తెలియకపోతే తెలియదనే చెప్తాను."

"నిజమే కావచ్చు. కానీ అది విని నేనేం చేసుకోను?"

ఆ మాట ఆమెను వదల్లేదు. చలికాలమంతా ముప్పై ఒక్క నోటుబుక్కులు వంటింటి బల్ల మీదే ఉన్నాయి. నేను ఒకరోజు గుడ్లు ఇవ్వడానికి వెళితే, కాఫీ పెట్టే చోటు కూడా లేదు. "వాన పడుతుందా అని అడగడమే తప్పు," అంది తల ఎత్తకుండా. "ఎప్పటిదాకా చూడాలి అని అడగాలి."

మళ్ళీ మార్చి వచ్చింది, మళ్ళీ చేపల విందు. పటంలో మళ్ళీ తెలుపే. ఎవరో ఎర్రావు మాట ఎత్తబోయారు. ఆల్వీనా వాళ్ళకేసి చూడకుండా చదివి, కాగితం పక్కన పెట్టింది.

"వాన వస్తుందో రాదో నాకు తెలియదు. ఆ కాగితం రాసినవాళ్ళకూ తెలియదు, అందుకే తెల్లగా వదిలారు. నాకు తెలిసింది ఒకటుంది. ఏప్రిల్ ఒకటి నుంచి మే పది దాకా నా డబ్బాలో అంగుళమున్నర కంటే తక్కువ పడిన ఏళ్ళు తొమ్మిది. ఆ తొమ్మిదిలో గడ్డి మళ్ళీ తేరుకున్నది ఒక్క ఏడాదే. కాబట్టి మే పదికి అంత పడకపోతే ఏం చెయ్యాలో ఇవాళే తేల్చుకోండి. ఆ రోజు తేల్చుకుందామంటే ఆశ అడ్డొస్తుంది."

హాల్లో ఎవరూ నవ్వలేదు. వెనక బల్ల నుంచి లియాండర్ గొంతు వినిపించింది. "తొమ్మిదిలో ఒక్కటేనా?"

"ఒక్కటే."

అతను చేతులు తుడుచుకునే కాగితం ఒకటి విప్పి, జేబులు తడుముకున్నాడు. పక్కనున్న ఒడీలియా సంచీలోంచి కలం తీసి ఇచ్చింది. 'మే పది, ఇరవై ఆవులు' అని రాసుకున్నాడు. అది చూసి ఇంకో ఇద్దరు ముగ్గురు కలం కోసం చెయ్యి చాపారు.

ఆ ఏడాది మే పదికి డబ్బాలో పడింది ఒక అంగుళమూ, ఇంకో పదో వంతూ. పన్నెండున లియాండర్ ఇరవై ఆవుల్ని అమ్మేశాడు. పందొమ్మిదిన మబ్బు పట్టింది. రెండు రోజులు ఆగకుండా పడి, మూడున్నర అంగుళాలయింది. మా ఊళ్ళో పిల్లలూ పెద్దలూ కాలవ గట్ల మీద నిలబడి నీళ్ళు చూశారు. ఆల్వీనా మాత్రం వెళ్ళలేదు. రెండేళ్ళు వరసగా ఒకే మనిషిని ముంచానని ఏడ్చినంత పని చేసింది.

మూడో రోజు పొద్దున్న లియాండర్ బురద బూట్లతోనే ఆమె పెరట్లోకి వచ్చాడు. ఆమె డబ్బా ఒంపుతోంది.

"లియాండర్, ఈసారి కూడా..."

"పదిలో రెండు అని దిద్దుకో," అన్నాడతను. "అదేగా నువ్వు చెప్పింది? ఒక్కోసారి తేరుకుంటుందని. విని, తెలిసే అమ్మాను. ఉన్నవాటికి గడ్డి సరిపోతుంది, దూడలు బలంగా ఉన్నాయి. పోయినేడు మాత్రం నాకు నిద్రే పట్టలేదు."

ఆల్వీనా లోపలికి వెళ్ళి అతనికి కాఫీ తెచ్చింది. మెట్ల మీద కూర్చుని తాగారు. ఒడీలియా రొట్టెల గుడ్డ ఉతికి పంపిందని అతను జేబులోంచి తీసి ఇచ్చాడు.

తర్వాత ఆరేళ్ళు ఆమె బస్సు నడిపి మానుకుంది. డబ్బా పని మాత్రం మానలేదు. ఇప్పుడు చేపల విందులో కాగితం చదవడం కంటే ఆ తర్వాతే ఎక్కువసేపు పడుతుంది. ఒక్కొక్కరూ తమ తారీఖు, తమ అంకె చెప్పి ఆమెతో వాదిస్తారు. గోధుమ వేసేవాడికి ఒక తారీఖు, ఆవులున్నవాడికి ఇంకొకటి. ఆమె నోటుబుక్కు తిరగేసి, ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. మేం వంటింట్లో చల్లారిన నూనె ఒంపుకుంటూ, ఎప్పుడు ముగుస్తుందా అని చూస్తూంటాం.