తొమ్మిదంగుళాల మెట్టు

నలభై ఏళ్ళు తాపీ పని చేశాను. గురజాల చుట్టుపక్కల నా చేతి మీదుగా లేచిన ఇళ్ళకు లెక్క లేదు. ఎవరింటికి మెట్లు కట్టినా మెట్టు ఎత్తు ఆరున్నర అంగుళాలు దాటనిచ్చేవాణ్ణి కాదు. స్థలం చాలదని ఇంటివాళ్ళు గొణిగితే, "రేపు అరవై వచ్చినాక ఎక్కేది నువ్వేనయ్యా" అని నోరు మూయించేవాణ్ణి. అంత చెప్పిన వాణ్ణి, సొంతిల్లు కట్టుకునేటప్పుడు మాత్రం తొమ్మిదంగుళాల మెట్లు కట్టాను. మొత్తం పదహారు. కింది భాగం ఎరువుల కొట్టుకి అద్దెకిద్దామని దాన్ని వెడల్పుగా లాగాను, మేము పైకెక్కాం, మెట్లకు మిగిలిన చోటు అంతే. అప్పట్లో సిమెంటు బస్తా భుజాన వేసుకుని రెండేసి మెట్లు ఎక్కేవాణ్ణి. మోకాళ్ళనేవి అరుగుతాయన్న ఆలోచనే లేదు.

ఈ ఏడాది వానలకు ముందు కారంపూడిలో ఒక ఇంటికి నాపరాళ్ళు పరిచాను. రోజంతా గొంతుక్కూర్చుని సాయంత్రం లేవబోతే కుడి మోకాలు బిగుసుకుపోయింది. తెల్లారి నరసరావుపేటలో డాక్టరు ఎక్స్‌రే తీయించి, గుజ్జు అరిగిందన్నాడు. ఆపరేషన్ ఇప్పుడే వద్దట. తొడ కండ గట్టిపడేలా వ్యాయామం చేయాలి, బరువు తగ్గాలి, కొన్నాళ్ళు మెట్ల జోలికి పోకూడదు. మెట్ల జోలికి పోకపోవడమంటే మా ఇంట్లో గడప దాటకపోవడమే. ఆ మాట ఆయనకు చెప్పడానికి సిగ్గేసింది. మేస్త్రీనని అప్పటికే గొప్పగా చెప్పుకుని ఉన్నాను.

ఆ రోజు మెట్ల మీద కూర్చుని, వెనక్కి జరుగుతూ, ఒక్కో మెట్టే పైకి చేరాను. అంతే, పడిపోయాను బోనులో.

రెండు గదులు, వంటిల్లు, ముందు ఊచల వరండా. ఇటు చివర నుంచి అటు చివరకు ముప్పై నాలుగు అడుగులు, ఎన్నిసార్లు నడిచినా ముప్పై నాలుగే. పొద్దున పదకొండు గంటలు దాటితే పైకప్పు సెగ నెత్తిమీదికి దిగేది. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వారానికోసారి వచ్చి కుర్చీలో కూర్చోబెట్టి కాలు చాపించేది, పది అంకెలు లెక్కపెట్టి దించమనేది. ఇటుకలు మోసిన కాలు అది. దాన్ని గాల్లో పది అంకెల పాటు నిలబెట్టలేక వణికిపోతుంటే ఏడుపొచ్చేది. ఆ కోపమంతా మా ఆవిడ మీద చూపించేవాణ్ణి. టీ చల్లారిందని ఒకసారి, ఫ్యాను తిరగడం లేదని ఒకసారి. ఫ్యాను తిరగకపోతే ఆమె ఏం చేస్తుంది, కరెంటు పోతే.

మా ఆవిడకు ఒక అలవాటు ఉంది. వరండా ఊచల మీదుగా తాడు కట్టిన బుట్ట కిందికి దించుతుంది. కూరగాయల బండతను అందులో వంకాయలు, టమాటాలు వేస్తే పైకి లాక్కుంటుంది. పాల ప్యాకెట్లూ అంతే. ఆమె తెలివి గురించి టీ కొట్టు దగ్గర నేను ఎంతమందికి చెప్పి మురిసిపోయానో లెక్కలేదు.

ఇరవయ్యో రోజు, మధ్యాహ్నం అన్నం తిని లేస్తూ కంచం నెట్టేశాను. "నేల తొక్కి ఇరవై రోజులయింది. జైల్లో వాళ్ళు నయం, వాళ్ళని పొద్దున పూటన్నా బయటికి వదుల్తారు" అన్నాను.

ఆమె కంచం తీసుకుంటూ, "నేను తొక్కి రెండేళ్ళు దాటింది" అంది.

విసుగ్గా కాదు. ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

"ఏందే నువ్వు చెప్పేది? మరి దాచేపల్లిలో మీ చెల్లెలి కూతురి పెళ్ళికి?"

"నువ్వొక్కడివే పోయొచ్చావు. నాకు జొరమన్నా."

"గుడికి?"

"పక్కింటి అక్క ప్రసాదం తెచ్చిపెట్టుద్ది."

ఒక్కొక్కటే అడుగుతూ పోయాను. బీపీ మాత్రలు నేనే తెచ్చేవాణ్ణి. చీరలు మా అమ్మాయి తెచ్చేది. చుట్టాలు ఎటూ పైకే వస్తారు. ఆ బుట్ట, ఆ తాడు, నేను ఊరంతా చెప్పుకున్న ఆ తెలివి, అదంతా దిగలేని మనిషి పడిన పాటు. రోజూ పొద్దున పనికి దిగి సాయంత్రం ఎక్కుతూ నేను రెండేళ్ళు ఆమె పక్కనే బతికాను. నాకు తెలియలేదు. తెలుసుకోవాలని తోచనేలేదు.

"నాకెందుకు చెప్పలేదే?"

"ఒకసారి చెప్పాగా. గుర్తులేదా నీకు?"

గుర్తుంది. అదే నన్ను చంపుతోంది. మెట్ల అచ్చుకు చెక్కలు కొట్టిన రోజు, కాంక్రీటు పోయకముందే, ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని రెండు మెట్లు ఎక్కి చూసి, "ఎత్తు చానా అయిందేమోనయ్యా" అంది. కూలీలందరి ముందూ నేను, "నువ్వా నాకు పని నేర్పేది? పోయి అన్నం సంగతి చూడు" అన్నాను. వాళ్ళు నవ్వారు. ఆ తర్వాత మెట్ల గురించి ఆమె ఒక్క మాట ఎత్తలేదు. మోకాళ్ళు పట్టేశాక కూడా ఎత్తలేదు. నా పనికి వంక పెట్టడం కంటే ఇంట్లో ఉండిపోవడమే సుఖమనుకుంది.

తర్వాతి వారం ఫిజియో అమ్మాయి వస్తే, "అమ్మా, నా కాలు తర్వాత, ముందు ఈమెను చూడు" అన్నాను. ఆ అమ్మాయి ఆమెను కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమంది. మూడుసార్లు ప్రయత్నించినా లేవలేకపోయింది.

"బాబాయ్, పిన్నికి నీ అంత అరుగుదల ఉన్నట్టు లేదు. నడక లేక కాళ్ళలో సత్తువ పోయింది. చిన్నగా చేయిస్తే వచ్చిద్ది. కానీ ఆ మెట్లు మార్చాలి, పట్టుకోడానికి కమ్మీ అన్నా పెట్టించు. ఇంకో పదేళ్ళ సంగతి ఆలోచించుకోండి మీరు."

పదేళ్ళ సంగతి. ఎవరెవరికో ఆలోచించి పెట్టిన వాణ్ణి, నాకు ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది. కొట్టు ఖాళీ చేయమని కిందాయన్ని పైకి పిలిచి అడిగాను. మంచివాడే, కాదనలేదు, కాకపోతే పత్తి, మిరప సీజను అయ్యేదాకా కదలలేనన్నాడు. సంక్రాంతి దాటాలి. అప్పుడు మేము కిందికి మారొచ్చు. అప్పటిదాకా ఇదే బోను, ఇద్దరం.

ఇప్పుడు పొద్దున్నే ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని కాళ్ళు చాపుతున్నాం. అంకెలు ఆమె లెక్కపెడుతుంది, నేను త్వరగా లెక్కపెట్టి మోసం చేస్తానట. పోయిన ఆదివారం గోడ పట్టుకుని మొదటిసారి మెట్ల మీదికి వచ్చింది. మూడు దిగింది. నాలుగో దానికి కాలు చాపి, అది అందేలోపు భయపడి అక్కడే కూలబడింది. పైన గడపలో నిలబడి చేతులు చాపానే గానీ, ఆమెను ఎత్తగల మోకాళ్ళు నావి కావు. అరగంట కూర్చుని, కూర్చునే పైకి జరిగింది.

నా కాలు కాస్త కుదుటపడింది. డాక్టరు ఫోనులో దిగొచ్చన్నాడు. నిన్న కమ్మీ పైపులు బేరం చేద్దామని నెమ్మదిగా పదహారు మెట్లూ దిగాను. నెలన్నర తర్వాత కాలి కింద మట్టి తగిలితే, సిగ్గు లేకుండా సంతోషమేసింది. తలెత్తి చూస్తే ఆమె పై మెట్టు మీద కూర్చుని ఉంది.

"ఎట్టుందయ్యా కింద?" అంది.

"ఏముంది, ఎండ."

"బస్టాండు వైపేనా పోయేది? అక్కడ పూలమ్మే పెద్దామె కాడ రెండు మూరలు మల్లెలు తీసుకురా. నేనే పంపిచ్చానని చెప్పు. చెప్తే ఒక జానెడు ఎక్కువ కొలుస్తది నాకు. దిగటం వచ్చినాక ముందు ఆమె కాడికే వస్తానని కూడా చెప్పు."

ఆ పెద్దామె పోయినేడు ఎండాకాలంలోనే చనిపోయింది. పాడె నా ముందు నుంచే వెళ్ళింది. సాయంత్రం ఇంటికొచ్చి నేను ఆ ముక్క చెప్పలేదు. తెలిసే ఉంటుందిలే అనుకున్నాను.

రోడ్డు మీద నిలబడి అరిచి చెప్పే మాట కాదది. పైపుల సంగతి మరో రోజు చూసుకోవచ్చని, గోడ పట్టుకుని మళ్ళీ మెట్లెక్కడం మొదలుపెట్టాను. ఏం మర్చిపోయావని ఆమె పైనుంచి అడుగుతూనే ఉంది.