కచ్చా రంగు కాదు

సిరిసిల్ల మా ఊరు. అయినా నేను కోరుట్లలో మేనమామ ఇంట్లో ఉంటూ జగిత్యాల కాలేజీలో ఇంటర్ బైపీసీ చదివేదాన్ని. ఆ రోజుల్లో బస్సును ఎవరు ఎక్కడ ఆపుతారో తెలిసేది కాదు. ఒకరోజు అన్నలు, అంటే నక్సలైట్లు, బంద్ అనేవాళ్లు, ఇంకోరోజు పోలీసులు అందరినీ దింపి సంచులు గుమ్మరించేవాళ్లు. ఓసారి బస్సులు లేక స్నేహితురాలి ఇంట్లో ఆగిపోయి మర్నాడు మామ ఇల్లు చేరాను. ఆ కబురు అందగానే సిరిసిల్ల నుంచి మా బాపు నన్ను తీసుకుపోవడానికి నేరుగా కాలేజీకే వచ్చేశాడు.

"సదివింది సాలు బిడ్డా. ఇంటికి పోదాం పా," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ప్రాక్టికల్ అయ్యేదాకా కదలనన్నాను. మా బోటనీ సారు అది విని, బాపును ల్యాబ్‌లోకి పిలిచి నా పక్కనే కూర్చోబెట్టాడు.

వేడికి మొక్క కణాల పొర ఏమవుతుందో చూడటం ఆ రోజు ప్రయోగం. బీట్‌రూట్‌ను చిన్న ముక్కలుగా కోసి, కోతకు కారిన రంగంతా పోయేదాకా కడిగాను. ఒక్కో ముక్కను ఒక్కో గాజు గొట్టంలో, ఒకదానికంటే ఒకటి వేడిగా ఉన్న నీళ్లలో వేశాను. చల్లని నీళ్లు తేటగానే ఉండిపోయాయి. బాగా వేడిగా ఉన్న గొట్టంలో మాత్రం ముక్క చుట్టూ ఎరుపు పొగలా లేచి, కాసేపటికి నీళ్లన్నీ ఎర్రబడ్డాయి.

బాపు నూలుకు రంగులద్దే మనిషి. "కచ్చా రంగు. సరిగ్గ పట్టలే," అని తేల్చేశాడు. మా ఇళ్లలో రంగుకు రెండే జాతులు, పక్కా, కచ్చా. నీళ్లలో దిగిందంటే కచ్చానే. నిజానికి నేనూ లోలోపల అదే అనుకున్నాను.

సారు నవ్వలేదు. "గట్లయితే చన్నీళ్లల్ల గూడ దిగాలె గదా కాకా. గీ రంగు దేనికీ అంటుకొని లేదు, లోపటి నీళ్లల్లనే కరిగి ఉన్నది. దాని సుట్టు కంటికి కనపడనంత పల్సటి పొర ఉంటది. పానమున్నంత సేపు గా పొర రంగును బయిటికి పోనియ్యది. ఏడి నీళ్లకు పొర చెడిపోయింది, రంగు బయిటికి అచ్చేసింది," అన్నాడు.

"తవ్వినంక, కోసినంక గూడ పానముంటదా సార్?" అని అడిగాడు బాపు.

"ఉంటది."

బాపు చల్లని గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని కిటికీ వెలుగులోకి తీసుకుపోయాడు. కత్తి పడ్డాక కూడా ఆ ముక్క తన రంగును తాను కాపాడుకుంటోంది, ఎవరూ చెప్పకుండానే. ఇంత గొప్ప సంగతి జరుగుతుంటే ఇన్నాళ్లూ దానిమీద ఉప్పు చల్లుకుని తిన్నాను.

సాయంత్రం బాపు వెనకే బస్టాండ్‌కు పోయాను. సిరిసిల్ల బస్సు వచ్చింది. ఏడుపు ఆపుకుంటూ ఎక్కబోతే బాపు నా రెక్క పట్టి ఆపి, తానొక్కడే ఎక్కాడు.

"గా ఏడి నీళ్లల్ల సచ్చిన ముక్కను మళ్ల చన్నీళ్లల్ల ఏస్తె పానమస్తదా, సార్ను అడుగు," అన్నాడు కిటికీలోంచి. "ఆయితారం ఇంటికి అచ్చినప్పుడు నాకు చెప్పు."