పదిహేను దినాల బేడీలు

యుద్ధం నడుస్తున్న రోజుల్లో నేను జైలు వార్డరును. ఏ జైలో చెప్పను. మాది వడమాలపేట పక్క పల్లె. వానలు లేక సేద్యం వదిలి ఆ పనిలో చేరాను.

గొర్రెల దొంగతనం కేసులో శిక్షపడిన ఒకాయన మా దగ్గర ఉండేవాడు. సంగటిలో రాళ్లున్నాయని ఒకరోజు ముద్ద తెచ్చి జైలరు ముందు పెట్టి, "దీన్ని నువ్వు తింటావా?" అన్నాడు. అందుకు పదిహేను దినాలు కాళ్లకు బేడీలు. తాళం వేసింది నేనే. గడువు దాటింది. తీయమని ఎవరూ చెప్పలేదు. చీలమండల దగ్గర పుండ్లు పడితే గుడ్డపీలికలు చుట్టుకుని తిరిగేవాడు. రోజూ చూస్తూనే ఉన్నాను.

చూడ్డానికొచ్చిన అతని భార్య ఆ కాళ్లు చూసి, ఏడవకుండా నేరుగా చిత్తూరు వెళ్లి, ఒక వకీలు చేత జిల్లా జడ్జికి అర్జీ పెట్టించింది. వారంలోగా ఖైదీని తీసుకుని కోర్టుకు రమ్మని మాకు ఉత్తర్వు వచ్చింది.

"ఎప్పుడేసినావో గుర్తులేదని సెప్పప్పా. అది అబద్ధం కాదు, మతిమరుపు," అన్నాడు జైలరు.

ఇంట్లో ఆ మాట చెబితే నా భార్య అన్నం వడ్డిస్తూ, "ఏసిన చేతికి గుర్తుండదా?" అంది.

కోర్టులో జడ్జిగారు నన్నే అడిగారు. "ఎన్ని రోజులైంది?"

"నలభై దినాలు సామీ. పదిహేనుకే ఉత్తర్వు."

"మరి ఎందుకు తీయలేదు?"

"ఎవరూ సెప్పలేదు సామీ. నేనూ అడగలేదు."

అక్కడే తీయమన్నారు. మోకాళ్ల మీద కూర్చున్నాను. తాళం తుప్పుపట్టి తిరగలేదు, రెండు చేతులతో పట్టి తిప్పాను. బేడీలు ఊడాక కూడా అతడు చిన్న చిన్న అడుగులే వేస్తూ వరండాలోకి నడిచాడు.

"దినామూ సూస్తా ఉంటివే. ఒక్కతూరి అడగాలని తోచలేదా అబ్బా?"

"భయమప్పా," అన్నాను.

అతడు తలూపాడు. కోపం లేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా తోచింది.

నిజం చెప్పానని మా పల్లెలో మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు ఒంటబట్టలేదు. కొన్నాళ్లకు వేరే జైలుకు బదిలీ చేశారు. అక్కడ చేరిన వారంలోనే, బేడీలున్న ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి ఎప్పుడు వేశారని అడిగాను. గడువు దాటినవాడు ఒకడు కనిపించాడు. జైలరు గది బయట చాలాసేపు నిలబడి, చెమట తుడుచుకుని, లోపలికి వెళ్లాను.