పోశయ్య మెడలో తీగ

చెరుకు మోపు కట్టడంలో బోధన్ చుట్టుపక్కల పోశయ్యను మించినవాడు లేడు. పచ్చి చెరుకు ఆకునే రెండు చేతులా మెలిపెట్టి తాడులా బిగించేవాడు. "గీ ముడి ఫ్యాక్టరీ కాంటా దాంక ఆగితె సాలు, అటెన్క ఎవనికి గావాలె" అనేవాడు. మనిషి మంచివాడే, మాట వినే రకం మాత్రం కాదు.

1971 ఎండాకాలంలో చెరుకు బండి బోల్తాపడి అతని మెడ విరిగింది. హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రిలో తుంటి ఎముక ముక్క తీసి మెడలో పెట్టి, ఉక్కు తీగతో కట్టారు. మూడు నెలలకు ఎక్స్‌రే తీయించి, "ఇంకా అతకలేదు. మెడపట్టీ తీయకు, మోపు ఎత్తకు. ఇంకో మూడు నెలలకు మళ్లీ ఫొటో తీయాలి, తప్పకుండా రా" అని డాక్టర్ మరీ మరీ చెప్పాడు. ఫొటో చేతికిచ్చి పంపారు. అందులో తెల్లగా కనిపించే తీగను పోశయ్య వాడంతా తిరిగి చూపించాడు.

ఆ గడువు వచ్చేసరికి కోతలు మొదలయ్యాయి. భార్య ఈరవ్వ పొద్దున్నే జొన్నరొట్టెలు చేసి మూటగట్టింది.

"బస్సు టైమైంది, లే. పట్నం పోదాం."

"ఎందుకే? ఫొటోల తీగ గట్టిగ కనవడ్తలేదా? నొప్పి గూడ లేదు. కోతలైనంక సూద్దాంతీ."

పట్టీ విప్పి మేకుకు తగిలించి, ఆ మూటతోనే చేనుకు పోయాడు. పట్నం ప్రయాణానికని కట్టిన రొట్టెలను చెరుకు గట్టు మీద కూర్చుని నవ్వుతూ తిన్నాడు. ఆ రోజు నిజంగానే నొప్పి లేదు. అదే కొంప ముంచింది.

కోతలు సగం కాకముందే వేళ్లు తిమ్మిరెక్కాయి. చలికేమో అనుకున్నాడు. తర్వాత ఆకు ముడి జారిపోసాగింది. అప్పుడు పట్నం పరుగెత్తారు. డాక్టర్ కొత్త ఫొటోను వెలుతురుకు పెట్టి చూశాడు. తీగ తెగి ఉంది.

"తెగితె మల్ల కట్టున్రి సారూ" అన్నాడు పోశయ్య.

"తీగదేముందయ్యా? అది ఎముక అతికేదాకా పట్టి ఉంచడానికే. నేను రమ్మన్నది ఎముకను చూడడానికి. అప్పుడే వచ్చి ఉంటే నరం నలగకముందే సరిచేసేవాణ్ణి."

పోశయ్య కాంటా దాకా ఆగే ముడులు బతుకంతా కట్టినవాడు. కట్టు పని అంతవరకేనన్న సంగతి అతనికి ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది.

మళ్లీ ఆపరేషన్ చేశారు. ఈసారి ఒక్క ఫొటోకూ గడువు తప్పలేదు. ఏడాదికి చూస్తే ఎముక గట్టిగా అతికింది. చేతుల్లో పట్టు మాత్రం తిరిగి రాలేదు.

"గానాడు నీ మాటిని పోతె మంచిగుండునే ఈరవ్వా" అంటాడు, తినడానికి కూర్చున్న ప్రతిసారీ.

"ఇప్పుడనుకుంటె ఏం ఫాయిదా? నోరు తెరువు" అని ఈరవ్వ రొట్టె తుంచి అతని నోట్లో పెడుతుంది.